పన్ను లేని ఇల్లు

ఇల్లు చూసి రమ్మని పంపిస్తే మా ఆయన వీధి కొలిచి వచ్చాడు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

నేను షోలాపూర్‌లో పుట్టినదాన్ని. మా తాతల కాలంలోనే నల్లగొండ వైపు నుంచి బతుకు వెతుక్కుంటూ పోయిన మగ్గం వాళ్లం. అక్కడ తెలుగువాళ్ల పేటలో గోడకు గోడ ఆనుకొని ఇళ్లు. పక్కింట్లో మిరపకాయ తాళింపు పెడితే మా ఇంట్లో తుమ్ములు. ఎవరి పిల్లలు ఎవరింట్లో తిన్నారో పొద్దుగూకే దాకా తేలేది కాదు. ఆ గోల భరించలేక ఒక్కోసారి, కాసేపు నోళ్లు మూయండే తల్లీ అని అరవాలనిపించేది. నా మనసులో మాట ఏ దేవుడు విన్నాడో గానీ, గట్టిగానే విన్నాడు.

మా ఆయన నాకు మేనబావ. మిల్లులో పనిచేసేవాడు. వాళ్ల నాయిన చేతిమగ్గం మీద చీరలు నేసిన మనిషి. అలాంటి మగ్గం ఒకటి సొంతంగా పెట్టుకొని, సొంత ఇంట్లో కూర్చుని నేయాలని ఈయనకు చిన్ననాటి నుంచి మోజు. భాషల లెక్కన రాష్ట్రాలు విడిపోయి కలిసిపోయిన రోజులవి. నల్లగొండ ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది, మేము బొంబాయి రాష్ట్రంలో ఉండిపోయాం. ఇంకేం, మా ఆయనకు పట్టపగ్గాల్లేవు. "మన రాష్ట్రం మనకొచ్చింది, పోదాం పా" అని రోజూ ఇదే పాట.

"ఏడికి పోదాం బావా?" అంటే రోజుకో ఊరు చెప్పేవాడు. ఒకనాడు జడ్చర్ల అనేవాడు, రైలుంది, సరుకు తేలిగ్గా పోతుందని. మరొకనాడు యాదగిరిగుట్ట, మొక్కులకు వచ్చే ఆడవాళ్లు చీరలు కొంటారని. చివరకు సెలవు పెట్టి ఒక్కడే పోయి అన్నీ చూసి వచ్చాడు. వచ్చినవాడు కాళ్లు కూడా కడుక్కోకుండా గడపలోనే మొదలుపెట్టాడు.

"జడ్చర్లల జాగ మస్తు పిరం, మనకందదు. గుట్ట కింద ఇండ్లన్నీ యాత్రకొచ్చేటోళ్లకు కిరాయికిచ్చుడే. మగ్గానికి గుంట తవ్వుకుంటనంటే నన్ను పిచ్చోని లెక్క చూసిండ్రు. నల్లగొండనే నయం. ఆడ రెండిండ్లు చూసిన."

ఒకటి ఊరి నడుమ, మా కులపువాళ్లుండే సాలెవాడలో. రెండే గదులు, మగ్గం వేస్తే మనిషి పక్కకు తిరగాల్సినంత ఇరుకు. మున్సిపాలిటీ హద్దు లోపలిది కాబట్టి ఇంటి పన్ను కట్టాలి, దీపం పన్ను కట్టాలి, నల్లా నీళ్లకు కట్టాలి. రెండోది మున్సిపాలిటీ హద్దు దాటినాక, పానగల్ పోయే తొవ్వలో. రాతి గోడలు, గూనపెంకల కప్పు, మగ్గానికి వేరే గది, వెనక బావి. పన్ను లేదు. పంచాయతీ వాళ్లు ఎప్పుడన్నా గుర్తొచ్చి అడిగితే చాయ్ పైసలంత.

"ఇంకా అసలు సంగతి చెప్పలే," అన్నాడు కళ్లు పెద్దవి చేసి. "ఇంటి ముందట తొవ్వ ఎంత సాఫుగున్నదో! పడుగు మొత్తం సాపినా ఇంకా మిగుల్తది. అడుగులేసుకుంట కొలిచిన."

మగ్గం తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పడుగు అంటే బట్టలో నిలువుగా ఉండే పోగులు. వాటిని మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడవునా చాపి, గంజి పెట్టి, పెద్ద కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. అందుకని మా వాళ్లు ఇల్లు చూడబోతే ముందు వీధినే చూస్తారు. వంకర లేదు కదా, బండ్లు తిరగవు కదా, పొద్దున నీడ పడుతుంది కదా అని. మా మామ బతికి ఉన్నా అడుగులేసుకుంటూ కొలిచే వచ్చేవాడు.

"మనుషులెట్లుంటరు బావా ఆడ?" అని అడిగాను.

"ఏ మనుషులు?"

"ఇంటి పక్కనోళ్లు."

"పక్కన ఇల్లుంటే గద మనుషులుండేది!" అన్నాడు. అదొక గొప్ప అన్నట్టు చెప్పాడు మహానుభావుడు.

"వాడల ఇల్లే తీసుకుందాం బావా. ఇరుకైతే అయింది. ఈడ మాత్రం ఇరుకు లేదా?"

"ఏటేటా పన్ను ఎవడు కడతడే? దీపం స్తంభానికి పన్ను గట్టి నువ్వేమన్న దాని కింద సదువుకుంటవా?"

"దీపముంటె దాని కింద నలుగురు కూసుంటరు," అన్నాను. ఆ మాట ఆయన చెవిన పడలేదు. పడినా లెక్కలోకి రాలేదు. పన్ను ఎంతో ఆయన వేళ్ల మీద చూపించగలడు, పక్కింటి మనిషి ఎంతో నేనెట్లా చూపించను?

అట్లా హద్దు బయటి ఇల్లు కొన్నాం. మాకు పిల్లలు లేరు. సామానంతా దించి బండి వెళ్లిపోయాక నేను గడపలో నిలబడి చుట్టూ చూశాను. ఎర్రమట్టి, తుమ్మ చెట్లు, పెద్ద పెద్ద రాతిగుండ్లు, వాటి అవతల మళ్లీ గుండ్లు. "అగబాయీ!" అన్నాను. షోలాపూర్‌లో మరాఠీ ఆడవాళ్లతో కలిసి పెరిగిన నాలుక, భయమేసినా ఆశ్చర్యమేసినా ఆ మాటే వస్తుంది. ఎవరైనా "ఏందే?" అని పలుకుతారని ఒక్క క్షణం ఆగాను కూడా. మా ఆయన మగ్గం గదిలో అప్పుడే, నేసేవాడు కాళ్లు దించి తొక్కే గుంటకు ముగ్గు గీస్తున్నాడు.

మొదటి పడుగు సంగతి చెప్పాలి. మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. తెల్లారేసరికి వీధిలో ఎవరి పడుగు చాపి ఉంటే, చూసిన వాళ్లు చూసినట్టే తమ పని పక్కన పెట్టి వచ్చి కుంచె పట్టుకుంటారు. రేపు వాళ్ల పడుగుకు వీళ్లు పోతారు. ఎవరూ ఎవరినీ పిలవరు. పిలిస్తే ఎదుటివాడు నొచ్చుకుంటాడు, నేను పిలిస్తే గానీ రానివాణ్నా అని. మా ఆయన ఈ కట్టుబాటు మధ్యనే పుట్టి పెరిగాడు. పడుగు చాపితే చేతులు వాటంతట అవే వస్తాయని ఆయన నమ్మకం. సాలెవాడకు పోయి ఒక్కరికి ఒక్క మాట చెప్పలేదు. చెప్పడం మర్యాద కాదట! కంటికి ఆనని దూరంలో ఉన్న పడుగు వాళ్లకు కలలో కనబడుతుందనుకున్నాడేమో.

పొద్దు పొడవక ముందే ఇద్దరం గుంజలు పాతి పడుగు చాపాం. గంజి పెట్టాం. ఆయన ఒక కుంచె, నేనొక కుంచె. ఈ కొసన దువ్వుతుంటే ఆ కొస ఆరి అంటుకుపోతోంది. ఆ కొసకు పరుగెత్తితే ఈ కొస. పదిమంది చేసే పని ఇద్దరం చేస్తుంటే ఎండెక్కింది. మా ఆయన మాటిమాటికి ఊరి వైపు చూస్తున్నాడు.

ఊరి వైపు నుంచి ఎవరూ రాలేదు. పానగల్ వైపు నుంచి గొర్ల మంద వచ్చింది. గంజి వాసనకు మేకలు ముందు ఉరికాయి. గొర్లు వాటి వెనక. పోగులు నాకేవి నాకుతున్నాయి, తొక్కేవి తొక్కుతున్నాయి, ఒక పొట్టేలు కొమ్ములకు పడుగు చుట్టుకొని పెళ్లికొడుకులా నడుస్తోంది. నేను కుంచెతో కొడుతున్నాను, మా ఆయన చేతులు రెండూ చాచి ఏడ్పు గొంతుతో అరుస్తున్నాడు. మంద వెనకాల వచ్చిన గొల్ల తాత నింపాదిగా ఆగాడు.

"గిదేందయ్యా, తొవ్వకడ్డం దారాలు గట్టినవ్!"

"దారాలు గాదు తాతా, పడుగు! నా పడుగు!"

"పడుగైతే సాలెవాడల సాపాలె గని గొర్ల తొవ్వల సాపుతరా ఎవలన్న? జీవాలకేం ఎరుక?"

నాకు నవ్వాగలేదు. కడుపు పట్టుకొని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఆ తాత పాపం కాసేపు పోగులు విప్పడానికి సాయం పట్టి, చేత కాక, మందను తోలుకొని పోయాడు.

తరువాత మా ఆయన తల దించుకొని సాలెవాడకు పోయాడు. వాళ్లు మంచివాళ్లే. ముందే చెప్పకపోతివి అని చీవాట్లు పెట్టారు. ఇక్కడ చాపుకో, మేము కుంచె పడతాం, మా పడుగులకు నువ్వు రా అన్నారు. వాళ్ల పడుగుల కోసం పోతూ, తన పడుగు కోసం పోతూ, చివరకు రోజూ పోవడమే అయింది. ఒక షావుకారు కొట్టంలో మగ్గం ఖాళీగా ఉంటే దాని మీదే కూర్చున్నాడు. పొద్దున్నే సద్ది కట్టుకొని పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకు రాక. ఆయన మోజుపడి తవ్వుకున్న మగ్గం గుంటలో కోడి గుడ్లు పెట్టింది. న్యాయం చూడండి. వాడ వద్దన్న మనిషికి వాడ దొరికింది, వాడ కావాలన్న నాకు గుండ్లు దొరికాయి.

"నేను గూడ వస్త బావా, ఆడ కూసొని కండెలు చుడత," అనేదాన్ని.

"ఇల్లు ఇడిచిపెట్టి ఇద్దరం పోతమానే? నూలంత ఇంట్లనే ఉన్నది."

రోజంతా రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేదాన్ని. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్టలవి. సాయంత్రం ఆయనకు అప్పజెప్పేదాన్ని, పొద్దున ఆయన తీసుకుపోయేవాడు. ఆ నూలు పోగు రోజూ నలుగురి మధ్యకు పోతుంది గదా అని దాని మీద కూడా కుళ్లుకున్నాను. రాత్రి ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, ఇయ్యాల వాడల ఏం ముచ్చట్లు అని అడిగేదాన్ని. ఆయన అక్కడే మాట్లాడి మాట్లాడి వచ్చేవాడు. "ఏముంటయ్, రోజు తీరుగనే," అని చెయ్యి కడుక్కొని పడుకునేవాడు.

దిగులు అంటే ఏడుపనుకునేదాన్ని. కాదు. పొద్దున కడవ కడిగి పక్కన పెడుతూ, "నువ్వీడ కూసోవే, వస్త," అని దానితో అన్నాను ఒకరోజు. అని, నా గొంతు నేనే విని ఉలిక్కిపడ్డాను. అప్పుడు నా మీద నాకు భయమేసింది. పానగల్‌లో శివుడి గుడికి పోయే రోజుల్లో బండ్ల మీద జనం మా ఇంటి ముందు నుంచే పోయేవాళ్లు. బావి నీళ్లు తోడి కుండ గడప ముందే పెట్టుకొని కూర్చునేదాన్ని. ఎవరైనా ఆగి నీళ్లు తాగితే, ఏ ఊరమ్మా, ఎంతమంది పిల్లలమ్మా అని అడిగేదాన్ని. వాళ్లు జవాబు చెబుతూనే బండెక్కేవాళ్లు.

ఎన్నిసార్లు అడిగానో మా ఆయనను, ఈ ఇల్లు అమ్మి వాడలోకి పోదామని. బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యెత్తి ఎరగడు. కానీ ఆయన దగ్గర ఒకటే జవాబు. "ఆడ పన్ను గట్టాలె, ఈడ పన్ను లేదు. ఉత్త పుణ్యానికి ఏటేటా గట్టుడెందుకే?" ఆ పన్ను గోడ దాటి నా మాట అవతలికి పోయేది కాదు.

అట్లా ఏళ్లు గడిచాయి. ఊరు పెరిగింది. మా ఇల్లు దాటినాక తొవ్వ పక్కన ఎవరో హద్దురాళ్లు పాతిపోయారు. మున్సిపాలిటీ హద్దు మమ్మల్ని దాటి ముందుకు జరిగిందని మా ఆయన సాలెవాడలో విని వచ్చాడు గానీ, ఎవరో పుట్టించిన మాట అని కొట్టిపారేశాడు.

ఒకరోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే ఒక మనిషి, చంకలో కాగితాలు, చేతిలో కొలిచే టేపు. చెమటలు కారుతున్నాయి.

"చెల్లే, జర మంచినీళ్లిస్తవా? ఇంటి పన్ను లెక్కకొచ్చిన."

చెల్లె అన్నాడు! నీళ్లే ఏమిటి, చాయ్ పెట్టాను, మిగిలిన సర్వపిండి ముక్క పెట్టాను. ఆయన తిని, "ఇల్లెట్లున్నదో చూడాలె చెల్లే," అన్నాడు.

ఆ ఇల్లు చూస్తానన్న మొదటి మనిషి ఆయన. చూపించాను. ముందటి గది చూపించాను. నేను అలికిన గోడ, దాని మీద వేసిన ముగ్గు చూపించాను. వంటిల్లు, కట్టెలు తడవకుండా నేను పోరుపెట్టి వేయించుకున్న చిన్న కొట్టం, నూలు దాచే అటుక, వెనక స్నానాలకు కట్టిన నాపరాళ్ల గది, బావి, బావి గిలక. ఆయన వద్దంటున్నా మగ్గం గది తలుపు తీసి, "లోపల చూడన్నా ఎంత పెద్దగున్నదో, మూడు మగ్గాలు పడతయ్," అన్నాను. గది గది దగ్గరా ఆగి అది ఎప్పుడు కట్టించామో, ఎందుకు కట్టించామో, ఆ రోజు ఎంత వాన పడిందో అన్నీ చెప్పాను. ఆయన కొలుచుకుంటూ, రాసుకుంటూ, ఊ కొడుతూ తిరిగాడు. ఊ కొట్టే మనిషి ఉంటే మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. పోతుంటే తొవ్వ మలుపు దాకా తోడు పోయాను.

పన్ను కాగితం వచ్చింది. సాలెవాడలో మొదట చూసిన ఇంటికి ఎంత పడుతుందో, మాకూ దాదాపు అంతే. దీపం లేదు, నల్లా లేదు, పన్ను మాత్రం వచ్చి కూర్చుంది. మా ఆయన కాగితాన్ని సాలెవాడలో చదివించుకొని వచ్చి, చేత్తో ఊపుతూ ఎగిరాడు.

"కట్టెల కొట్టం గూడ రాసిండు! అటుక గూడ రాసిండు! గవన్నీ వానికెట్ల తెలిసినయే?"

"నేనే చూపిచ్చిన."

"నీకేమన్న పిచ్చి లేచిందా? పన్ను లెక్కకొచ్చినోనికి ఎవలన్న అటుక చూపిస్తరా?"

"చూపియ్యమన్నడు, చూపిచ్చిన. ఇన్నేండ్లల ఈ ఇల్లు చూపియ్యమని ఎవడన్న అడిగిండా బావా? నువ్వడిగినవా? నేను పొద్దంత ఏ మూలకు కూసుంటనో నీకెరుకనా?"

ఆయన కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

ఎక్కువ పడిందనుకుంటే ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చని కాగితంలోనే ఉందట. సాలెవాడలో చదివినవాళ్లే చెప్పారు. మా ఆయన నాకు పాఠం నేర్పాడు. "మగ్గం గది వాడుకలో లేదు, కప్పు పడిపోతాంది, గొర్లోళ్లు మందను తోలుకుంటరు. అంతే చెప్పు. ఇంట్ల ఉండేదానివి నువ్వు, నీ మాటనే నమ్ముతరు. ఆ గది తీసేస్తె పన్ను సగం తగ్గుతది."

పన్ను తగ్గితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన మళ్లీ నిశ్చింతగా సద్ది కట్టుకొని పోతాడు. నేను మళ్లీ కడవతో మాట్లాడతాను. ఆ రాత్రి నిద్రపోకుండా ఆలోచించానని చెప్పను, హాయిగా పడుకున్నాను.

ఆఫీసు వసారాలో మాలాంటి వాళ్లే బారుగా కూర్చున్నారు. నా పక్కన ఒక ముసలమ్మ వాళ్ల కోడలి మీద చాడీలు చెప్పింది. ఆ కోడలిని నేను చూడనన్నా చూడలేదు గానీ, పూర్తిగా ముసలమ్మ పక్షమే వహించాను. మా వంతు రాకపోతే బాగుండునని కూడా అనిపించింది.

లోపల పెద్ద సారు కుర్చీలో ఉన్నాడు. మా ఇంటికి వచ్చిన అన్న పక్కన నిలబడి కాగితం చూసి చదివాడు. మా ఆయన చేతులు కట్టుకొని, "మగ్గం గది ఉత్తదే సారూ, మా ఇంటామెను అడుగుండ్రి," అన్నాడు.

"ఏమమ్మా, ఆ గది వాడుతున్నారా, లేదా?" అన్నాడు పెద్ద సారు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను సారు వైపు చూశాను.

"వాడతం సారూ. మంచిగున్నది గది. కప్పు గట్టిగున్నది. కాగితంల రాసిందంత నిజమే."

సారుకే నమ్మకం కలగలేదు, మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. సంతకం పెట్టి తరువాతి వాళ్లను పిలవమన్నాడు.

ఆఫీసు నుంచి ఇంటి దాకా మా ఆయన నాకు ముందు నడిచాడు. ఒక్కసారి వెనక్కి తిరగలేదు. తప్పు చేశానని నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. తొవ్వ మలుపు దగ్గరికి వచ్చాక ఆగాడు. తొవ్వ వైపు, మా ఇంటి వైపు చాలాసేపు చూశాడు.

"ఇగ రెండు తావులా పన్ను ఒక్కతీర్గనే అయింది గద," అన్నాడు. "గట్లైనంక వాడలనే ఉంటె నాకు నడక తప్పుతది."

"మంచిదే బావా," అన్నాను. నా కోసమని ఆయన అనలేదు. అనకపోయినా సరేననుకున్నాను.

ఆ ఇల్లు ఒక బండల వ్యాపారికి అమ్మి సాలెవాడలో ఒక ఇరుకింట్లోకి మారాం. మగ్గం పక్కన మనిషి ఒరిగి నడవాలి. మారిన మరునాడు పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాను. గోడ అవతల నుంచి ఒక ఆడమనిషి గొంతు, ముఖం కూడా కనపడదు, ఏళ్ల తరబడి నన్ను ఎరిగినట్టే అడిగింది.

"అక్కా, ఏం కూర?"

పొయ్యి మీద ఏదో ఉడుకుతూనే ఉంది. అదేమిటో నాకు గుర్తు రాలేదు. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకొని, గోడకు వీపు ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చాను. "అక్కా, లేవా ఇంట్ల?" అని ఆమె మళ్లీ పిలిచింది.